దూరవిద్య - అందరాని సాధనాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠశాల విద్యపై ఒక పరిశీలన

గురువు ఎదుట కూర్చుండి నేర్చుకొనుటయే చదువుకు ఉత్తమ మార్గమని మన పెద్దలు నమ్మారు. ఆ నమ్మకంలో ఎంతో సత్యమున్నది. అయితే గురువుకు, శిష్యునికి నడుమ బాట తెగిపోయే సందర్భాలు కూడ లోకంలో తప్పవు. వరద వచ్చినా, తుపాను వచ్చినా, అంటువ్యాధి ప్రబలినా, పని కోసం కుటుంబం ఊరు విడిచి పోయినా బడి పిల్లవానికి దూరమవుతుంది. అట్టి సమయాన చదువు ఆగకుండ సాగే ఉపాయమేమి? ఈ ప్రశ్న 2020 మార్చిలో మన రాష్ట్రంలోని ప్రతి ఇంటి గడప తొక్కింది. ఆనాటి అనుభవాన్ని ఆధారం చేసుకొని, మన రెండు జిల్లాల స్థితిగతులను దృష్టిలో ఉంచుకొని, ఈ విషయాన్ని విద్యార్థుల ముందు, కళాశాల పాలకవర్గం ముందు ఉంచదలచినాము.

మొదటనే ఒక మాట చెప్పవలెను. సాధనం ఇంటికి చేరడం వేరు. పాఠం పిల్లవాని మనస్సుకు చేరడం వేరు. పిల్లవాని సందేహం తిరిగి ఉపాధ్యాయునికి చేరడం వేరు. ఈ మూడింటిలో మొదటిదానిని లెక్కించడం సులభం, కావున అందరూ దానినే లెక్కిస్తారు. మూడవది జరిగినప్పుడు మాత్రమే దానిని విద్య అనవచ్చును. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినదంతయు ఈ భేదంపైననే ఆధారపడి యున్నది.

దూరవిద్య నడచి వచ్చిన దారి

దూరవిద్య మనకు క్రొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరస్పాండెన్స్ కోర్సుల విభాగాన్ని నెలకొల్పింది. 1982 ఆగస్టు 26న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆవిర్భవించింది. దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాలలో అదే మొదటిది. ఆచార్య జి. రామరెడ్డి దానికి తొలి ఉపకులపతి. 1991లో అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరును ధరించింది. అదే 1991లో పాఠశాల స్థాయి చదువు కోసం సార్వత్రిక విద్యాపీఠం ఏర్పడింది. 1998లో ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య కోసం స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడ తన బోధనను దూరవిద్యతోనే ఆరంభించింది.

ఈ సంస్థల పద్ధతిని గమనిస్తే మూడు అంగాలు కనిపిస్తాయి. ఒకటి, తపాలాలో వచ్చే ముద్రిత పాఠం. రెండు, విద్యార్థి వ్రాసి పంపే జవాబు, దానిపై అధ్యాపకుని దిద్దుబాటు. మూడు, సెలవు దినాలలో అధ్యయన కేంద్రంలో జరిగే ముఖాముఖి తరగతి. రేడియో, టెలివిజన్ వీటికి తోడుగా వచ్చినవే గాని వీటి స్థానంలో వచ్చినవి కావు. ఇక్కడ మరియొక సంగతి కూడ గుర్తించవలెను. ఈ విద్యార్థులు వయోజనులు. చదువవలెనన్న కోరికతో తామై చేరినవారు. ఎనిమిదేళ్ళ పిల్లవానికి ఆ నిగ్రహం ఉండదు. ఉండవలెనని కోరడం న్యాయం కాదు.

బాలల కోసం జరిగిన పెద్ద ప్రయత్నం 1975లో వచ్చింది. ఆ సంవత్సరం ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా మన దేశంలో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం - సైట్ - జరిగింది. ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలను ఎన్నుకొన్నారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రసార భాషలలో తెలుగు ఒకటి. ఉదయం గంటన్నర కాలం బడిపిల్లలకు, సాయంకాలం రెండున్నర గంటలు పెద్దలకు కార్యక్రమాలు ప్రసారమయ్యేవి. ఆ ప్రయోగంలో టెలివిజన్ పెట్టెను ఏ ఇంటికీ ఇవ్వలేదు. గ్రామం మొత్తానికి ఇచ్చారు. పిల్లలు గుంపుగా కూర్చుండి చూచేవారు. చూచిన దానిపై మాట్లాడుటకు ఉపాధ్యాయుడు ప్రక్కన ఉండేవాడు. సాధనం తక్కువైన చోట దానిని ఉమ్మడిగా వాడుకొనుటయే మార్గమని అర్ధ శతాబ్దం క్రిందటనే మన దేశం గ్రహించింది. 2020 నాటికి ఆ పాఠాన్ని మనం చాలవరకు మరచినాము.

2020లో జరిగిన పరీక్ష

2020 మార్చి 19 నుండి రాష్ట్రంలో విద్యాసంస్థలు మూతపడ్డాయి. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. పదవ తరగతి పిల్లల కోసం దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యామృతం', ఆకాశవాణిలో 'విద్యా కలశం' అనే కార్యక్రమాలు మొదలైనాయి. జూన్ మాసంలో ఇతర తరగతులకు కూడ 'విద్యావారధి' పేరుతో టెలివిజన్ పాఠాలు వచ్చాయి. ఆనాడు పాఠశాల విద్యాశాఖ విద్యార్థులను మూడు వర్గాలుగా విభజించింది. కంప్యూటర్ గాని, ఇంటర్నెట్ గల ఫోను గాని ఉన్నవారు హైటెక్. రేడియో, టెలివిజన్ మాత్రమే ఉన్నవారు లోటెక్. ఏదియు లేనివారు నోటెక్.

ఈ విభజనను కొందరు పరిహసించారు. పిల్లలకు ఇట్టి పేర్లు పెట్టడం సుందరంగా లేదన్నది నిజమే. అయినను, లేనివారిని లేనివారుగా గుర్తించి ప్రత్యేకంగా లెక్క వ్రాసుకొనుట మెచ్చదగిన పని. అందరికీ ఫోను ఉన్నదని భావించి పాఠం పంపి, పంపినాము కనుక చదువు జరిగిందని సంతృప్తి చెందడం కంటె అది ఎంతో మేలు. మూడవ వర్గం వారికి ఉపాధ్యాయుడే అభ్యాస పత్రాలతో చేరవలసి యుండెను. అనగా, ఏ సాధనమూ లేని పిల్లవానికి చివరకు మిగిలినవి కాగితం, మనిషి. ఆ రెండే.

2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడులు తెరిచారు. చిన్న తరగతుల పిల్లలు 2021 ఫిబ్రవరి వరకు వేచియుండవలసి వచ్చింది. రెండవ విజృంభణతో ఏప్రిల్‌లో మరల మూతపడిన బడులు 2021 ఆగస్టు 16న తెరుచుకొన్నాయి. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు రెండు సంవత్సరాలు వరుసగా రద్దయ్యాయి. మొదటి తరగతిలో చేరవలసిన బిడ్డ అక్షరాలతో పరిచయం లేకుండగనే రెండవ తరగతి వయస్సుకు వచ్చింది.

దీని ఫలితమేమి? గ్రామీణ బాలల చదువును పరీక్షించే వార్షిక విద్యాస్థితి నివేదికను 'అసర్' అంటారు. ఉర్దూలో ఈ పదానికి ప్రభావమని అర్థం. ఆ నివేదిక ప్రకారం, రెండవ తరగతి పాఠాన్ని చదువగల మూడవ తరగతి పిల్లలు దేశం మొత్తంపై 2018లో నూటికి 27.3 మంది, 2022లో 20.5 మంది. 2024 నాటికి ఈ సంఖ్య తిరిగి 27.1కి చేరింది. అనగా, పోయినదానిని రాబట్టుకొనుటకే ఇన్ని సంవత్సరాలు పట్టింది. ఈ నడుమ పై తరగతులకు వెళ్ళిపోయిన పిల్లల లోటు ఆ సంఖ్యలో కనిపించదు.

ఫోను ఉన్న ఇల్లు, ఫోను లేని పిల్లవాడు

2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం, దేశంలోని గ్రామీణ గృహాలలో కంప్యూటర్ ఉన్నవి నూటికి 4.4, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9. పట్టణాలలో ఇవి 23.4, 42. తరువాత ఫోన్లు వేగంగా పెరిగాయి. 2020 సెప్టెంబరులో జరిగిన అసర్ సర్వే ప్రకారం, బడిలో పేరున్న గ్రామీణ బాలల ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లోని 36.5 శాతం నుండి 61.8 శాతానికి పెరిగాయి. అయినను సర్వేకు ముందు వారంలో బడి నుండి ఏదో ఒక అభ్యాస సామగ్రి అందుకొన్నవారు మూడవ వంతు పైచిలుకు మాత్రమే. ఇంట్లో ఫోను ఉండుటకు, పిల్లవానికి పాఠం అందుటకు నడుమ ఉన్న అగాధం ఈ రెండు సంఖ్యలలో స్పష్టం. ఆ సర్వే ఫోను ద్వారానే జరిగింది గనుక, ఏ ఫోనూ లేని ఇళ్ళు ఆ లెక్కలోకి రాలేదన్నది కూడ స్మరించవలెను.

అదే సర్వేలో మరియొక అంశం మనలను ఆలోచింపజేస్తుంది. దేశం మొత్తంపై నూటికి 80 మందికి పైగా పిల్లల వద్ద ఆ తరగతి పాఠ్యపుస్తకాలున్నాయి. మన రాష్ట్రంలో మాత్రం సుమారు 35 మంది వద్దనే ఉన్నాయి. పుస్తకాలతో కూడిన విద్యాకానుక కిట్ల పంపిణీ అక్టోబరు 8న గాని మొదలు కాకపోవుటయే ఇందుకు కారణంగా కనిపిస్తుంది. అన్నిటికంటె చౌకైన సాధనం, విద్యుత్తు అక్కరలేనిది, సిగ్నల్ అక్కరలేనిది, తమ్మునికి అక్కకు నడుమ తగవు పెట్టనిది - పుస్తకం. కరవు కాలంలో ముందుగా చేరవలసినది అదియే.

ఇక ఇంటిలోపలి సంగతి చూతము. ఒక ఇంట్లో నాల్గవ, ఏడవ, తొమ్మిదవ తరగతులు చదివే ముగ్గురు పిల్లలున్నారని, ఒక ఫోను ఉన్నదని అనుకొందాము. తండ్రి ఆ ఫోనుతో ఉదయం పనికి పోయి చీకటి పడ్డాక తిరిగి వస్తాడు. అప్పటి నుండి నిద్రవేళ వరకు మూడు గంటలు. ఒక్కొక్కరికి గంట. అందులో ఛార్జింగ్, బంధువుల పిలుపులు పోగా మిగిలినది ఎంత? తొమ్మిదవ తరగతి పెద్ద చదువు గనుక అతనికి ముందు. చిన్నవాడు అల్లరి చేస్తాడు గనుక అతనికి తరువాత. నడిమి ఆడపిల్లకు మిగిలితే. ఏ సర్వే పత్రంలోనైనను ఈ ఇల్లు 'స్మార్ట్‌ఫోను కలదు' అనే గడిలోనే నమోదవుతుంది.

ఆడపిల్లల విషయం ఇంకను శోచనీయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత ప్రకారం, మన రాష్ట్రంలో ఇంటర్నెట్‌ను ఎప్పుడైనను వాడిన స్త్రీలు నూటికి 21 మంది, పురుషులు 48.8 మంది. తల్లి చేతికే రాని సాధనం కూతురి చేతికి ఎట్లు వస్తుంది? 2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత శ్రీకాకుళం జిల్లాలో 61.74 శాతం, విజయనగరం జిల్లాలో 58.89 శాతం. స్త్రీలలో అది రెండు జిల్లాలలోను సగానికి అటూ ఇటూ మాత్రమే. పాఠం ఫోనులో వచ్చినా, అర్థం కానిచోట ప్రక్కన కూర్చుండి చెప్పగల తల్లి ప్రతి ఇంట లేదు. ఇది తల్లుల దోషం కాదు. నిన్నటి తరానికి మనం పెట్టిన బాకీ.

పాఠం బరువు

సాంకేతిక విషయంగా ఒక చిన్న లెక్కను విద్యార్థుల ముందు ఉంచుతున్నాము. అరగంట పాఠాన్ని సెకనుకు 500 కిలోబిట్ల చొప్పున వీడియోగా పంపినచో సుమారు 112 మెగాబైట్లు అవుతుంది. అదే పాఠాన్ని సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున కేవలం ధ్వనిగా పంపినచో సుమారు 14 మెగాబైట్లు. అదే విషయాన్ని ఒక పుటలో వ్రాసి పంపినచో, ఒక తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్ల వంతున, పుటకు పదిహేను వందల సంకేతాలున్నను అయిదు కిలోబైట్లకు మించదు. అనగా ఒక వీడియో పాఠం ఎనిమిది శ్రవ్య పాఠాలతో సమానం. ఇరవై వేల పుటల కంటె బరువు.

సిగ్నల్ కోసం కొండ గట్టు ఎక్కే పిల్లవానికి మనం ఇరవై వేల పుటల బరువు పంపుతున్నామా, ఒక్క పుట పంపుతున్నామా అన్నది ఉపాధ్యాయుని చేతిలోని నిర్ణయం. వీడియో వలదని మా అభిప్రాయం కాదు. గుండె కొట్టుకొనే విధానాన్ని, అగ్నిపర్వతాన్ని కన్నులతో చూచినప్పుడే బాగుగా తెలుస్తుంది. పద్యం వినికిడికి, లెక్క కాగితానికి చాలును. ఏ పాఠానికి ఏది అవసరమో ఎంచుకొనుటయే నేర్పు. రాష్ట్రంలో 2022 డిసెంబరు 21న ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైనప్పుడు, ఇంటర్నెట్ లేకున్నను తెరుచుకొనేటట్లు పాఠాలను ముందుగానే వాటిలో నింపి ఇచ్చారు. ఆ ఒక్క ఏర్పాటు మాత్రం మన ప్రాంత అవసరాన్ని గుర్తించినది.

మన జిల్లాల స్వరూపం

పూర్వపు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలను తీరం, మైదానం, మన్యం అని మూడు భాగాలుగా చెప్పుకోవచ్చును. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో సీతంపేట, పాలకొండ, పార్వతీపురం, కురుపాం, సాలూరు ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. పేరు మారినను భూమి మారలేదు. కొండల నడుమ సిగ్నల్ అందని గూడేల కష్టం మారలేదు.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నది; రాష్ట్రంలో అంత తీరం మరే జిల్లాకును లేదు. ఆ తీరం పొడవునా ఉన్న మత్స్యకార గ్రామాల నుండి, విజయనగరం జిల్లా పూసపాటిరేగ, భోగాపురం తీరాల నుండి పురుషులు గుజరాత్‌లోని వేరావల్ వరకు వేటకు పోతారు. 2020 లాక్‌డౌన్‌లో వేలమంది అక్కడ చిక్కుపడి, ఏప్రిల్ చివరలో బస్సులపై స్వస్థలాలకు తిరిగి వచ్చిన వార్త అందరికీ తెలిసినదే. ఇంటికి ఉన్న ఒక్క మంచి ఫోను తండ్రితో పాటు వేరావల్‌లో ఉండగా, ఇక్కడ బిడ్డకు పాఠం ఏ ఫోనులో వస్తుంది? కుటుంబమంతా విశాఖపట్నానికో, హైదరాబాదుకో, చెన్నైకో కూలికి తరలినప్పుడు బిడ్డ పేరు ఒక ఊరి హాజరు పట్టికలోను, బిడ్డ వేరొక ఊరిలోను ఉంటుంది.

ఇక తుపానుల మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు మన ప్రాంతాన్ని అతలాకుతలం చేశాయి. తిత్లీ పలాస సమీపాన తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటలను, జీడి తోటలను నేలమట్టం చేసింది. విద్యుత్ స్తంభాలు వేల సంఖ్యలో కూలాయి. ఫోన్లు మూగవోయాయి. విద్యుత్తు, సిగ్నల్ ఉంటేనే సాగే దూరవిద్య అట్టి సమయాన అందరికంటె ముందు కూలుతుంది. అంటువ్యాధి కాలంలో మనుష్యులు కలువరాదు గాని తీగెలు పనిచేస్తాయి. తుపాను కాలంలో తీగెలు పనిచేయవు గాని మనుష్యులు కలువవచ్చును. కావున మన జిల్లాలకు తీగెలపైననే ఆధారపడే పద్ధతి చాలదు. మనుష్యులు కలియుటపైననే ఆధారపడే పద్ధతి కూడ చాలదు. రెండును సిద్ధంగా ఉండవలెను.

భాష కూడ ఒక సాధనమే

సాధనాల గురించి మాట్లాడేవారు తరచుగా మరచేది భాష. ఇచ్ఛాపురం, సోంపేట ప్రాంతాలలో ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. మన్యంలో సవర, కువి భాషల పిల్లలున్నారు. మన పట్టణాలలో ఉర్దూ మాతృభాషగా గల పిల్లలున్నారు. వీరందరికీ టెలివిజన్ పాఠం ఒకే భాషలో వచ్చినప్పుడు, పెట్టె ఉండుట మాత్రాన పాఠం ఉన్నట్లు కాదు.

ఉర్దూ మాధ్యమంలో చదివే బాలికను ఉదాహరణగా తీసుకొందాము. ఆమె వీధిలో తెలుగు చక్కగా మాట్లాడుతుంది. దుకాణంలో తెలుగులో బేరమాడుతుంది. కాని గణితంలో ఆమె పుస్తకం త్రిభుజాన్ని ముసల్లస్ అంటుంది. వైశాల్యాన్ని రఖ్బా అంటుంది. భిన్నాన్ని కసర్ అంటుంది. విజ్ఞానశాస్త్రంలో కిరణజన్య సంయోగక్రియకు జియాయీ తాలీఫ్ అని ఉంటుంది. తెరపై ఉపాధ్యాయుడు 'త్రిభుజ వైశాల్యం' అనగానే ఆమెకు తెలిసిన లెక్క కూడ తెలియనిదైపోతుంది. బడిలో అయితే ఉపాధ్యాయిని ఒక్క మాటలో ఆ ముడి విప్పేది. తెర ఆ పని చేయదు. 2022లో రాష్ట్రంలో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా చట్టరీత్యా లభించింది. ఆ గౌరవం పాఠం వరకు దిగి రావలెనంటే ఇట్టి చిన్న ముడులను విప్పే పనిని ఎవరో ఒకరు చేపట్టవలెను.

ఈ మార్గంలో మనకు ఆదర్శం మన గడ్డపైననే ఉన్నది. 1863లో ముఖలింగం సమీపాన పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్నప్పుడు సవరల దుస్థితిని చూచి, వారి భాషను నేర్చి, ఆ భాషలో వాచకాలు సిద్ధం చేసి, తమ స్వంత ధనంతో వారికి బడులు నడిపారు. ఆ రోజులలో వారికి ముద్రణాలయమే అత్యాధునిక సాధనం. దానిని చేపట్టుటకు ముందు వారు పిల్లవాని నాలుకపై ఉన్న మాటను చేపట్టారు. ఈ క్రమాన్ని తలక్రిందులు చేసినచోట ఎంత ఖరీదైన సాధనమైనను నిష్ఫలమే.

ఇతర ప్రాంతాల అనుభవం

ఆస్ట్రేలియాలో జనావాసాలు వందల మైళ్ళ దూరాన చెదరి యుండే ఎడారి ప్రాంతంలో, ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణం నుండి 1951లో 'ఆకాశ పాఠశాల' ప్రారంభమైంది. విమాన వైద్య సేవకు వాడే రేడియోనే పాఠాలకు వాడారు. అది రెండు వైపులా పలికే రేడియో. ఉపాధ్యాయిని మాట బిడ్డకు వినిపించేది. బిడ్డ మాట ఉపాధ్యాయినికి వినిపించేది. వ్రాతపనికి తపాలా పాఠాలు తోడుగా ఉండేవి.

మెక్సికోలో 1968 నుండి 'టెలిసెకుందారియా' అనే పద్ధతి నడుస్తున్నది. పల్లెలలో ప్రతి విషయానికి ఒక ఉపాధ్యాయుని నియమించలేనిచోట, టెలివిజన్‌లో పాఠం వస్తుంది, తరగతిలో ఉండే ఒక్క ఉపాధ్యాయుడు అన్ని విషయాలలోను పిల్లలకు తోడుగా ఉంటాడు, చేతిలో పుస్తకముంటుంది. మన పొరుగున కేరళలో 2020 జూన్ 1న 'ఫస్ట్ బెల్' టెలివిజన్ పాఠాలు మొదలైనప్పుడు, టెలివిజన్ లేని పిల్లల కోసం గ్రంథాలయాలలో, అంగన్‌వాడీలలో ఉమ్మడి వీక్షణ కేంద్రాలు ఏర్పరచారు.

ఈ మూడింటిలో సాధనాలు వేరు. అయినను పాఠం వద్ద ఒక మనిషి తోడు, గొంతుతో గాని ఎదుట గాని, ఉండుట మూడింటికిని సమానం. ఏర్పాటు లేనిచోట ఏమవుతుందో యూనిసెఫ్ లెక్క చెబుతున్నది. 2020లో బడులు మూసినప్పుడు ప్రపంచంలో కనీసం 46 కోట్ల 30 లక్షల మంది బాలలకు, అనగా బడిపిల్లలలో మూడవ వంతు మందికి, దూరవిద్య ఏ రూపంలోను అందలేదు.

మనం చేయదగినవి

ప్రభుత్వం చేయవలసినవి చాల ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుండి పదునాలుగేండ్ల బాలలకు చదువును హక్కుగా ఇచ్చింది. బడి మూతపడిన దినాలలో ఆ హక్కుకు సెలవు లేదు. అయితే మన కళాశాల వంటి సంస్థ తన పరిధిలో చేయదగినవి కూడ కొన్ని ఉన్నాయి. పాలకవర్గం వారి పరిశీలనకై వాటిని వినయపూర్వకంగా సూచిస్తున్నాము.

మొదటిది, నిజమైన లెక్క. మన పరిసరాలలోని పిల్లల ఇళ్ళకు వెళ్ళి 'ఫోను ఉన్నదా' అని గాక, అది ఎవరి చేతిలో ఉంటుంది, ఏ వేళ ఇంట ఉంటుంది, ఎంతమంది పిల్లలు పంచుకొంటారు, సిగ్నల్ ఏ మూల దొరుకుతుంది, పిల్లవాడు ఏ లిపి చదువగలడు అని అడిగి వ్రాసుకొనవలెను. ఈ పట్టిక విపత్తు రాకముందే సిద్ధంగా ఉండవలెను.

రెండవది, వారానికొక అభ్యాస పత్రం. నూరుగురు పిల్లలకు వారానికి రెండేసి కాగితాల చొప్పున నలువది వారాలకు ఎనిమిది వేల కాగితాలు, అనగా పదహారు రీములు. ఇది కళాశాలకు మోయరాని భారం కాదు.

మూడవది, తిరుగు బాట. ఇరవైమంది జాతీయ సేవా పథకం విద్యార్థులు తలా అయిదుగురు పిల్లల బాధ్యత తీసుకొన్నచో నూరుగురికి తోడు దొరుకుతుంది. ఒక్కొక్క జవాబు పత్రాన్ని దిద్దుటకు పది నిమిషాలు పట్టినను వారానికి గంటకు మించదు. దిద్దిన కాగితం వారం లోపల పిల్లవానికి తిరిగి చేరవలెను. తప్పుకు అడ్డగీత మాత్రమే గాక, ఒప్పుకు ఒక మంచి మాట కూడ దానిపై ఉండవలెను.

నాల్గవది, ఉమ్మడి చోటు. సాయంకాలం రెండు గంటలు కళాశాల వరండాలో గాని, మదరసా గదిలో గాని, పంచాయతీ భవనంలో గాని ఒక తెర, ఒక స్పీకరు, ముందుగానే దించుకొన్న పాఠాలు ఉంచినచో, ఫోను లేని బిడ్డ లేని లోటును ఎరుగదు. ఆడపిల్లలను తల్లిదండ్రులు నిస్సంకోచంగా పంపేటట్లు విద్యార్థినులే ఆ కేంద్రాన్ని నడపవలెను.

అయిదవది, ఉర్దూ - తెలుగు పారిభాషిక పదాల చిన్న పుస్తకం. ఆరు నుండి పది తరగతుల వరకు గణిత, విజ్ఞాన, సాంఘిక శాస్త్రాలలోని ముఖ్య పదాలను మూడు వరుసలలో - ఉర్దూ, తెలుగు, తెలుగు లిపిలో ఆంగ్లం - ఇచ్చినచో పిల్లలు ఏ భాషలో ప్రసారమైన పాఠాన్నైనను అందుకొనగలరు. రెండు భాషల అధ్యాపకులు, విద్యార్థులు ఒకే కప్పు క్రింద ఉన్న మన కళాశాలకు ఈ పని సహజంగా తగియున్నది. ఇతరులు దీనిని చేస్తారని ఎదురుచూచుట వ్యర్థం.

ముగింపు

దూరవిద్యలో దూరమనగా మైళ్ళు కాదు. పిల్లవానికి సందేహం పుట్టిన క్షణానికి, దానికి సమాధానం దొరికిన క్షణానికి నడుమ గల కాలమే ఆ దూరం. ఖరీదైన ఫోను చేతిలో ఉన్నను ఆ కాలం సంవత్సరం కావచ్చును. ఒక కాగితం, ఒక పెన్సిలు, వారానికొకసారి తలుపు తట్టే ఒక కళాశాల విద్యార్థి ఉన్నచో అది ఏడు రోజులకు తగ్గుతుంది.

నాగావళి, వంశధార పొంగిన ఏడు, గాలివాన విరుచుకుపడిన ఏడు, మరియొక అంటువ్యాధి దాపురించిన ఏడు మన ప్రాంతానికి మరల రావు అని ఎవరును హామీ ఇవ్వజాలరు. వచ్చిననాడు మనం ముందుగా అడుగవలసినది ఎందరికి పాఠం పంపినామని కాదు, ఎవరి జవాబు ఇంకను మన చేతికి రాలేదని. ఆ పేర్ల పట్టికను చేతబట్టి బయలుదేరుటకు నేటి నుండియే సన్నద్ధులమగుదుము గాక.